పిలిస్తే వచ్చే కుక్క – మూడో పాఠం: గేటు బయట పిలుపు

పేరు పిలిస్తే కుక్క మన ముఖం వైపు చూడటాన్ని మొదటి పాఠంలోనూ, ఇంటి లోపల ‘చలో’ అనగానే దగ్గరికి రావడాన్ని రెండో పాఠంలోనూ అభ్యాసం చేశాం. తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ‘దా’, ‘రా’ అన్న మాటలు పిల్లలను, చుట్టాలను, పాలు పోసే మనిషిని పిలుస్తూ రోజంతా వినిపిస్తూనే ఉంటాయి కనుక, మరెవరికీ వాడని మాటను ఎంచుకున్నాం. ఇంట్లో పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లైనా వెంటనే వచ్చే కుక్కతోనే ఈ పాఠం మొదలుపెట్టండి. ఇంకా తడబడుతుంటే మరో వారం రెండో పాఠంలోనే ఉండటం మేలు.

10 మీటర్ల నూలు తాడు, ఛాతీకి తొడిగే పట్టీ, ఉప్పూ మసాలా లేకుండా ఉడికించి శనగగింజంత ముక్కలుగా చేసిన కోడిమాంసం సిద్ధం చేసుకోండి. పరుగెత్తే కుక్క తాడు చివర ఒక్కసారిగా ఆగితే కుదుపంతా మెడ మీద పడుతుంది కాబట్టి తాడును మెడపట్టీకి కట్టకూడదు, మీ చేతికీ చుట్టుకోకూడదు. ఎండుద్రాక్ష కుక్కలకు విషం. అది ఉండే తిరుమల లడ్డూను ఎంత ప్రేమ ఉన్నా పెట్టకండి.

కంచె ఉన్న మామిడితోట దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు. వేసవిలో ఉదయం ఏడు గంటలలోపే ముగించాలి. అలిపిరి, కపిలతీర్థం వైపు శేషాచలం అడవి అంచులకు మాత్రం అభ్యాసానికి వెళ్లవద్దు. అక్కడ చిరుతలు తిరుగుతాయి, వాటికి కుక్క సులువుగా దొరికే ఆహారం.

కుక్కను కాసేపు వాసనలు చూడనివ్వండి. అది మీకు మూడు మీటర్ల దూరంలో ఉండి, దేనిలోనూ పూర్తిగా మునిగిపోని క్షణం చూసి, ఉల్లాసమైన గొంతుతో ఒక్కసారే ‘చలో’ అని, నాలుగడుగులు వెనక్కి నడవండి. ఎదురుగా వచ్చే మనిషికన్నా దూరమయ్యే మనిషి వెంట పడటం కుక్కకు సహజం. మీ మోకాలి దగ్గరికి వచ్చాక, ఒక చేత్తో పట్టీని మెత్తగా పట్టుకుని మరో చేత్తో ముక్క పెట్టి, వెంటనే ‘వెళ్ళు’ అని వదిలేయండి. తిరిగి దొరికిన ఆ స్వేచ్ఛ మాంసం ముక్క అంత విలువైన బహుమతి. రాకపోతే మళ్లీ మళ్లీ పిలవకండి, తాడుతో లాగకండి. ఐదుసార్లు పిలిస్తే ఐదో పిలుపుకే రావాలని అది నేర్చుకుంటుంది. మీరే దగ్గరికి వెళ్లి, ముక్కు ముందు తిండి చూపించి వెంట తెచ్చుకుని, తర్వాతి పిలుపు ఇంకా దగ్గరి నుంచి పిలవండి.

పిలుపును ఎలా పాడుచేస్తామో నేను మా మల్లి దగ్గరే తెలుసుకున్నాను. ప్రతి సాయంత్రం దాన్ని పిలిచి గొలుసు వేసేవాణ్ణి. రెండు వారాలు గడిచేసరికి అది నాకు రెండు మూరల దూరంలో ఆగి, నా చేతుల వైపే చూస్తూ నిలబడటం మొదలుపెట్టింది. అది మొండితనమనుకుని కసిరాను. నిజానికి పిలుపు అంటే ఆట ముగియడమని నేను నేర్పిందే అది నేర్చుకుంది. పాత మాటను వదిలేసి, కొత్త మాటతో మళ్లీ నమ్మకం కలిగించడానికి నెలకు పైగా పట్టింది. అందుకే గొలుసు వేయాలన్నా, స్నానం చేయించాలన్నా, మందు వేయాలన్నా పిలవకండి, మీరే దాని దగ్గరికి వెళ్లండి. పదిసార్లు పిలిస్తే ఎనిమిదిసార్లైనా తిరిగి ఆటకు వదలండి. ఎంత ఆలస్యంగా వచ్చినా, వచ్చిన కుక్కను ఎన్నడూ కొట్టకండి, ఎందుకంటే అది ఆ దెబ్బను ఆలస్యానికి కాక రావడానికే ముడిపెడుతుంది.

ఈ వారం రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలకు మించకుండా చేస్తూ, మూడు మీటర్ల దూరాన్ని నెమ్మదిగా తాడు చివరి వరకు పెంచండి. వీధికుక్కలు, మేకలు ఎదురైనప్పుడు పిలవడం నాలుగో పాఠంలో నేర్చుకుందాం. అంతవరకు అవి కనబడితే ‘చలో’ అనకుండా, తాడు కుదించి కుక్కను పక్కకు తీసుకెళ్లండి.