కొత్త పంటి తొడుగు (క్రౌన్) ఎత్తును కాటుతో సరిచూసుకునే విధానం
చెన్నైలో పంటికి తొడుగు వేయించుకునే తెలుగువారు కుర్చీ దిగకముందే ఈ పరీక్ష చేసుకోవడం మంచిది. నిటారుగా కూర్చుని, దవడను మెల్లగా మూస్తూ, మొదట ఏ పన్ను తగులుతుందో గమనించండి. తొడుగు వేసిన పన్నే ముందుగా తగిలితే అది ఎత్తుగా ఉన్నట్టు. ఆ తొలి తాకిడి తరువాత దవడ కండరాలు బిగుసుకునే కొద్దీ, పంటి వేరు చుట్టూ ఉన్న మెత్తని కణజాలం కొద్దిగా అణగి, మిగిలిన పళ్లు కూడా కలిసి కాటు బలాన్ని పంచుకుంటాయి. ఒక్కసారిగా గట్టిగా కొరికితే ఎత్తైన పన్ను లోపలికి ఒదిగి లోపం దాగిపోవచ్చు, కాబట్టి మెల్లని కాటే అసలు పరీక్ష. పళ్లు తగిలే చోట మచ్చ పడేలా డాక్టర్ రంగు కాగితం కొరికించినప్పుడు మచ్చ పెద్దదైనంత మాత్రాన అక్కడే బలం ఎక్కువని అనుకోకూడదు. మత్తు దిగని నోటితో అంచనా తప్పవచ్చు. తిమ్మిరి పోయాక మళ్లీ చూసుకుని, తేడా ఉంటే వెంటనే తిరిగి వెళ్లండి. తమిళంలో వివరించడం కష్టమైతే, ముందుగా తగిలే పంటిని వేలితో చూపినా చాలు.