ముసలి గుర్రానికి గేదె మేత వద్దు

ఊరేగింపులకు తిప్పి, వయసు మళ్ళాక వదిలేసిన గుర్రాలను మన డెల్టాలో చేరదీసేవాళ్ళు మంచి మనసుతోనే ఒక తప్పు చేస్తారు. పాకలో గేదెలకు వేసే వరిగడ్డి, తవుడు, సూపర్ నేపియర్ గడ్డే గుర్రానికీ వేస్తారు. గేదె నెమరేసుకుంటుంది. గుర్రానికి ఆ ఏర్పాటు లేదు.

తవుడులో భాస్వరం బాగా ఎక్కువ, కాల్షియం నామమాత్రం. నేపియర్‌లోని ఆక్సలేట్లు అనే పదార్థాలు మేతలో ఉన్న కాస్త కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వవు. నెలల తరబడి ఇదే మేతయితే ఒళ్ళు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. ముక్కుకు రెండు పక్కలా ముఖం ఉబ్బుతుంది, పళ్ళు కదులుతాయి, ఒకరోజు ఈ కాలు, మరోరోజు ఆ కాలు కుంటుతుంది. ముసలితనమే అనుకుని ఊరుకుంటే ఎముక విరిగేదాకా వస్తుంది. తవుడు రోజుకు అర కిలో దాటించకండి. దానికి దాణాలో కలిపే సున్నపురాయి పొడి 25 గ్రాములు చేర్చండి. గోడలకు కొట్టే సున్నం వాడితే నోరు, పేగులు కాలిపోతాయి.

అసలు మేత కాలువ గట్ల గరిక. మందు కొట్టిన చేల పక్కది కోయొద్దు. దానికి తోడు వరి కోశాక వచ్చే పిల్లిపెసర, ఆరబెట్టి కొద్దికొద్దిగా కలపాలి. 250 కిలోల గుర్రానికి రోజుకు 4 నుంచి 5 కిలోల ఎండుమేత కావాలి. కాటా అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి, 11,880తో భాగిస్తే బరువు వస్తుంది. చుట్టు 150 సెంటీమీటర్లు, పొడవు 130 అయితే సుమారు 246 కిలోలు. పదిహేను రోజులకోసారి కొలిచి రాసిపెట్టుకోండి.

తొట్టి చుట్టూ నేల మీద చూడండి. బొటనవేలంత లావున, చొంగతో తడిసి, పీచుగా నమిలి ఉమ్మేసిన గడ్డి ముద్దలు కనిపిస్తే దంతాలు అరిగినట్టు, లేదా అంచులు మొనదేలి బుగ్గను కోస్తున్నట్టు. ఆరు నెలలకోసారి డాక్టరు చేత నోరు చూపించి, అంచులు అరగదీయించాలి. ఈలోగా వరిగడ్డి పూర్తిగా మానేయండి. సరిగా నమలని గడ్డి పేగులో ఉండకట్టి శూల వస్తుంది. మేతను అంగుళం ముక్కలుగా నరికి, నీళ్ళలో నానబెట్టి పెట్టండి. ఉలవలు ఉడికించి, మెదిపి, పావు కిలోతో మొదలుపెట్టండి. పేడ ఆగిపోయి, గుర్రం కాలితో నేల తవ్వుతూ కడుపు వైపు చూస్తుంటే మేత తీసేసి వెంటనే డాక్టర్ని పిలవండి.

రెండు విషాలు మన దగ్గర మరీ సులువుగా దొరుకుతాయి. కోళ్ళ మేతలో కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కోడికి మేలు చేస్తాయి, గుర్రం గుండెను దెబ్బతీసి చంపేస్తాయి. ఆ సంచుల్లో గుర్రం దాణా పోసినా ప్రమాదమే. రెండోది జనుము. పశువులకు అలవాటైన మేతే అయినా, దాని గింజలు గుర్రం ఊపిరితిత్తులను పాడుచేస్తాయి.

వానాకాలం పాక మెరక మీద ఉండాలి. గిట్టల అడుగు రోజూ గీకండి. నల్లగా, కుళ్ళు కంపు కొడితే బురద పుండు మొదలైందని అర్థం. జోరీగల కాలంలో జ్వరం వచ్చిపోతూ, చిక్కిపోయి, పొట్ట కింద, కాళ్ళలో నీరు దిగితే వయసుకు ముడిపెట్టకండి. జోరీగలు రక్తంలోకి ఎక్కించే సర్రా అనే పరాన్నజీవి జబ్బు కావచ్చు, రక్తపరీక్ష చేయించండి.

కొత్త గుర్రాన్ని 30 రోజులు విడిగా కట్టి, పశువైద్యుడి ద్వారా గ్లాండర్స్ అనే అంటుజబ్బు పరీక్ష చేయించాకే మిగతావాటితో కలపండి. ఆ జబ్బు మనుషులకూ సోకుతుంది. ఫలితం వచ్చేదాకా దాని బకెట్టు, తాడు, గోకుడు బ్రష్షు వేరేగా ఉంచండి.