విదేశాంగ శాఖకు మన ఎంపీతో ప్రశ్న వేయించడం ఎలా

విదేశాంగ విధానం ఢిల్లీ పెద్దల వ్యవహారమని చాలామంది అనుకుంటారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు అది ఇంటి గొడవ. రియాద్‌లో కఫీల్, అంటే వీసా ఇప్పించిన అక్కడి యజమాని, పాస్‌పోర్టు గుంజుకున్నా, దుబాయిలో ఎవరైనా జైలు పాలైనా, మస్కట్ నుంచి శవం రావడానికి వారాలు పట్టినా అక్కడి సర్కారుతో మాట్లాడవలసింది మన విదేశాంగ శాఖే. ఆ శాఖ ఏం మాట్లాడిందో, ఎంతవరకు మాట్లాడిందో నిలదీసి అడిగే అధికారం పార్లమెంటుకు ఉంది. దాన్ని మన ఎంపీ ద్వారా వాడుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాను.

హనుమకొండ అదాలత్ సెంటర్ దగ్గర నాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. అర్జీలు, అఫిడవిట్లు టైపు చేసి ఇవ్వడం నా పని. నా దగ్గరికి వచ్చే గల్ఫ్ అర్జీల్లో సగం ‘మహారాజశ్రీ’తో మొదలై కన్నీళ్లతో ముగుస్తాయి. నడుమ తేదీ ఉండదు, పాస్‌పోర్టు నంబరు ఉండదు, కంపెనీ పేరు ఉండదు. అలాంటి కాగితం ఎంత పెద్దాయన చేతికి ఇచ్చినా ఆయన చేయగలిగింది అయ్యో అనడమే.

మొదట ఒక తేడా తెలుసుకోండి. మీ ఇంటి మనిషి ఒక్కరే చిక్కుల్లో పడ్డారనుకోండి, దానికి పార్లమెంటు ప్రశ్న దారి కాదు. 2015లో మొదలైన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. వచ్చిన నంబరును జాగ్రత్త చేసుకోండి. ఆ నంబరు వేసి రాయబార కార్యాలయానికి, ఎంపీకి ఉత్తరాలు పంపండి. అదే కష్టం మీ ఊళ్లో పది ఇళ్లలో ఉంటే, ఫిర్యాదులు పెట్టినా కదలిక లేకపోతే, అప్పుడు ప్రశ్న వేయించాలి. ఒకరి కష్టం ఫిర్యాదు అవుతుంది, పదిమందిది విధానం అవుతుంది.

దీనికి ఎమ్మెల్యే చుట్టూ తిరగకండి. విదేశీ వ్యవహారాలు, పాస్‌పోర్టులు, వీసాలు, వలసలు రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో ఉన్నాయి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి రాష్ట్రం 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇవ్వగలదు, రియాద్‌ను సంజాయిషీ అడగలేదు. అడిగే పని ఎంపీలది. తెలంగాణకు లోక్‌సభలో 17 మంది, రాజ్యసభలో 7 మంది ఉన్నారు. 1980లో హనుమకొండ స్థానం నుంచి గెలిచిన పీవీ నరసింహారావు గారు విదేశాంగ మంత్రే అయ్యారు. తర్వాత నియోజకవర్గాల పునర్విభజనలో ఆ స్థానమే మాయమైంది, అది వేరే కథ. మీ ఎంపీ కేంద్ర మంత్రి అయితే మాత్రం ఆయన ప్రశ్న వేయరు, ఆయన జవాబు చెప్పే వైపు కూర్చుంటారు. అప్పుడు పక్క నియోజకవర్గం ఎంపీనో, రాజ్యసభ సభ్యుణ్ణో పట్టుకోండి. సభ్యులు తమ నియోజకవర్గం విషయాలే అడగాలన్న నిబంధన ఏదీ లేదు.

ప్రశ్నల్లో రెండు రకాలు ఉన్నాయి. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెబుతారు, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు వస్తుంది. అందరికీ మొదటిదే కావాలి, టీవీలో కనబడతారు కదా. నేను రెండోదే కోరుకోమంటాను. లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230. రాజ్యసభలో 15, 160. నక్షత్ర గుర్తు ప్రశ్న జాబితాకు ఎక్కాలంటే లాటరీలో పేరు ముందు రావాలి. ఎక్కినా ప్రశ్నోత్తరాల గంటలో వంతు రావాలి, వంతు వచ్చేలోపు సభ వాయిదా పడకూడదు. రాత జవాబుకు ఈ గండాలు తక్కువ. సభలో ఎంత అల్లరి జరిగినా అది సభ ముందుకు వస్తుంది, పార్లమెంటు వారి సంసద్ వెబ్‌సైట్‌లో నంబరుతో, తేదీతో నిలిచిపోతుంది. మంత్రి ఉపన్యాసం మర్నాటి పత్రికతో పాతబడుతుంది, మంత్రి ఇచ్చిన లెక్క పాతబడదు.

ఇక సమయం సంగతి. ప్రశ్న నోటీసుకూ జవాబు చెప్పే రోజుకూ మధ్య కనీసం 15 పూర్తి రోజులు ఉండాలి. పార్లమెంటు ఏడాదికి మూడుసార్లు కూర్చుంటుంది: బడ్జెట్, వర్షాకాల, శీతాకాల సమావేశాలు. ఒక్కో శాఖకు వారంలో ఒక్కో రోజు కేటాయిస్తారు. ఇటీవలి ఏళ్లలో విదేశాంగ శాఖ వంతు లోక్‌సభలో శుక్రవారం, రాజ్యసభలో గురువారం వస్తోంది. సమావేశాలకు ముందు విడుదలయ్యే పట్టికలో మరోసారి చూసుకోండి. అంటే సమావేశాలు మొదలయ్యాక ఎంపీ ఇంటి ముందు నిలబడితే ఆలస్యమైనట్టే, తేదీలు ప్రకటించగానే కాగితం ఇచ్చేయాలి. ఇవ్వవలసింది ఎంపీ చేతికి కాదు, ఢిల్లీ కార్యాలయంలో ప్రశ్నలు తయారుచేసే సహాయకుడికి. ఆయన పేరు, ఈమెయిలు ఇక్కడి పీఏను అడిగితే చెబుతారు. దండ వేసి ఫొటో దిగి ఇచ్చిన వినతిపత్రాల కట్ట ఎక్కడికి పోతుందో నాకు తెలియదు గానీ, ఈమెయిలుకు వచ్చిన, సిద్ధంగా ఉన్న ప్రశ్నను ఆ సహాయకుడు వదులుకోడు. అతని పని సగం మీరు చేసిపెట్టినట్టే కదా. తెలుగులో రాసుకుని ఇంగ్లీషులోకి మార్పించి పంపండి.

గల్ఫ్ కార్మికుల ప్రశ్న అనగానే కొందరు కార్మిక శాఖకు వేస్తారు. వలస వ్యవహారాలు 2016 నుంచి విదేశాంగ శాఖ కిందే ఉన్నాయి. తప్పు శాఖకు వేస్తే దాన్ని బదిలీ చేసేసరికి మీ వారం గడిచిపోతుంది.

అసలు పనితనమంతా ప్రశ్న రాయడంలో ఉంది. మొన్న ఒక యువకుడు తెచ్చిన కాగితంలో ఇలా ఉంది: ‘సౌదీ ప్రభుత్వం మన కార్మికులను బానిసల్లా చూస్తుంటే కేంద్రం ఎందుకు నిద్రపోతోంది?’ ధర్నాకు బాగుంటుంది. సభలో ఇది గడప దాటదు. లోక్‌సభ నిబంధనల ప్రకారం ప్రశ్న మామూలుగా 150 పదాలు మించకూడదు, వాదన, వ్యంగ్యం, నిందారోపణ ఉండకూడదు, అభిప్రాయం అడగకూడదు, కోర్టు విచారణలో ఉన్న విషయం కాకూడదు. మిత్రదేశాన్ని అమర్యాదగా ప్రస్తావించకూడదని కూడా విడిగా రాసి ఉంది. “మరి కోపం ఎక్కడ చూపించాలి అక్కా?” అన్నాడు. లెక్క అడగడంలో చూపించమన్నాను. ఇద్దరం కూర్చుని ఇలా మార్చాం:

విదేశాంగ మంత్రి ఈ కింది విషయాలు తెలియజేయగలరా:
(అ) గత మూడేళ్లలో జీతాల బకాయిలపై సౌదీ అరేబియాలోని భారత రాయబార కార్యాలయానికి అందిన ఫిర్యాదులు ఏడాది వారీగా ఎన్ని;
(ఆ) వాటిలో పరిష్కారమైనవి ఎన్ని, ఆరు నెలలు దాటినా మిగిలినవి ఎన్ని;
(ఇ) ఫిర్యాదుదారుల్లో తెలంగాణకు చెందినవారు ఎందరు;
(ఈ) వారి న్యాయ సహాయానికి భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి ఖర్చు చేసిన మొత్తం ఏడాది వారీగా ఎంత?

ఇందులో ఒక్క విశేషణం లేదు. అయినా (ఆ), (ఈ) పక్కపక్కన పెట్టి చదివితే నిద్ర సంగతి దానంతటదే బయటపడుతుంది. ప్రశ్నలో ‘ఎందుకు’ అని వేస్తే ‘ప్రభుత్వం విదేశాల్లోని భారతీయుల భద్రతకు, సంక్షేమానికి అత్యంత ప్రాధాన్యం ఇస్తుంది’ అన్న వాక్యం వస్తుంది. ఆ వాక్యం విదేశాంగ శాఖ జవాబుల్లో ఎన్నిసార్లు చదివానో. ‘ఎన్ని’, ‘ఎప్పుడు’, ‘ఏ ఉత్తర్వు కింద’ అని అడిగితే దాని వెనక దాక్కోవడం కష్టం.

ఖైదీల విషయంలో ఇంకో పాత జవాబు సిద్ధంగా ఉంటుంది: చాలా దేశాల్లో గోప్యత చట్టాలు కఠినం కాబట్టి, ఖైదీ ఒప్పుకోకపోతే అక్కడివాళ్లు సమాచారం ఇవ్వరు అని. అందుకని పేర్లు, కేసుల వివరాలు అడగకండి. 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందంలోని 36వ అధికరణం ప్రకారం, అరెస్టయిన విదేశీయుడు కోరితే అతని దేశపు కాన్సులేటుకు ఆలస్యం లేకుండా తెలపాలి. కాబట్టి ఇలా అడగండి: ఫలానా దేశంలో మనవాళ్లను కలవడానికి ఎన్నిసార్లు అనుమతి కోరారు, ఎన్నిసార్లు దొరికింది, సగటున ఎన్ని రోజులకు? ఇది ఖైదీల గోప్యత కాదు, మన రాయబారుల పని లెక్క.

ప్రభుత్వం సొంతంగా ఇచ్చిన ఉత్తర్వుల మీద కూడా కన్నేయండి. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికుల కనీస వేతన ప్రమాణాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. కొత్త చట్టమేమీ చేయలేదు, ఉత్తర్వులతోనే పని అయిపోయింది. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది, కార్మిక సంఘాలు గోల చేశాయి, 2021 జులైకి ఆ ఉత్తర్వులు వెనక్కి వెళ్లాయి. వేతనం కోసింది షేక్ కాదు, మన సొంత సర్కారు. ఇలాంటివాటి మీద ‘ఎవరిని సంప్రదించారు, ఏ అధ్యయనం ఆధారంగా తీసుకున్నారు’ అని అడిగితే జవాబు చెప్పక తప్పదు.

ఇప్పుడు ఎవరైనా వేయించదగ్గ ప్రశ్న ఒకటి ఊరికే ఇస్తున్నాను. పదో తరగతి పాసుకాని వారి ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టుకు వలస అనుమతి తప్పనిసరి చేసిన దేశాలు 18. అందులో గల్ఫ్ దేశాలున్నాయి, మలేషియా, థాయ్‌లాండ్ ఉన్నాయి. మన కుర్రాళ్లను డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయిస్తున్న కంబోడియా, మయన్మార్ లేవు. చేర్చే ప్రతిపాదన ఉందా, లేకపోతే ఆ వలసలను ఏ విధంగా నమోదు చేస్తున్నారు? పైగా అక్కడికి వెళ్లేవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఈసీఆర్ ఒక్కటే చాలదు. ఆ ముక్క కూడా కలపండి.

మనవాళ్ల గురించే అడగాలని లేదు. ఇతర దేశాల ప్రజల హక్కుల మీద మన ప్రభుత్వం ఏ పక్షం వహించిందో అడిగే హక్కు కూడా ఎంపీకి ఉంది. 2003 ఏప్రిల్‌లో ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా లోక్‌సభ తీర్మానం చేసింది. శ్రీలంక తమిళుల మీద ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో భారత్ 2012, 2013లో తీర్మానాలకు ఓటేసి 2014లో దూరంగా ఉండిపోయింది. ఆ ఓట్ల మీద సభలో గట్టిగానే రగడ జరిగింది. మన దేశంలో అంతర్జాతీయ ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు, ప్రభుత్వమే సంతకం చేసేస్తుంది, లేదా చేయకుండా ఊరుకుంటుంది. వలస కార్మికుల హక్కులపై 1990 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఫిలిప్పీన్స్, శ్రీలంక, బంగ్లాదేశ్ చేరాయి, భారత్ చేరలేదు. కారణమేమిటి, చేరే ఆలోచన ఉందా అన్నది ప్రతి లోక్‌సభలో ఒకసారైనా అడగదగ్గ ప్రశ్న.

ప్రశ్నతో పాటు వేరే దారులూ ఉన్నాయి, టూకీగా చెబుతాను. విదేశీ వ్యవహారాల మీద పార్లమెంటు స్థాయీ సంఘం (స్టాండింగ్ కమిటీ) ఉంది, అందులో 31 మంది సభ్యులు, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. తలుపులు మూసుకుని కూర్చుంటుంది, కానీ అధికారులను పిలిచి అడుగుతుంది, బయటివారి నుంచి వినతులూ తీసుకుంటుంది. ప్రవాసులు, వలస కార్మికుల స్థితిగతుల మీద 2025లో నివేదిక ఇచ్చింది కూడా. దాని సిఫార్సులు పాటించి తీరాలన్న నిర్బంధం లేదు, అయినా ఏం చర్య తీసుకున్నదీ శాఖ జవాబు ఇవ్వాలి. ఇక సభకే నేరుగా అర్జీ పెట్టుకోవచ్చు, దాని మీద ఒక ఎంపీ సంతకం ఉండాలి. అర్జీ తెలుగులో ఉంటే ఇంగ్లీషు లేదా హిందీ అనువాదం జతచేయాలి. జీరో అవర్‌లో మాట్లాడించడం మాత్రం నాకు పెద్దగా నచ్చదు, మంత్రి జవాబు చెప్పాలన్న నియమం లేదు, వీడియో మిగులుతుంది.

జవాబు వచ్చాక పని మొదలవుతుంది. పీడీఎఫ్ దించుకుని అచ్చు తీసి, ప్రశ్న నంబరు, తేదీ పైన పెద్దగా రాసుకోండి. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం’ అని ఉంటే అది హామీ కిందికి వస్తుంది. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, దాని వెంట పడడానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. మూడు నెలలు నిండిన మర్నాడే ఎంపీ కార్యాలయానికి గుర్తుచేయండి. లెక్కలు వచ్చాయనుకోండి, మీ ఊళ్లో మీరు రాసుకున్న మదద్ నంబర్లతో సరిచూడండి. పరిష్కారమైంది అన్నవాటిలో మీవాడి కేసు ఉండి, మీవాడు ఇంకా అక్కడే అకామా (నివాస అనుమతి) లేకుండా తిరుగుతుంటే, వచ్చే సమావేశాల ప్రశ్న మీ చేతికి దొరికినట్టే. దాన్ని ‘ఫలానా తేదీన నక్షత్ర గుర్తు లేని ఫలానా ప్రశ్నకు ఇచ్చిన జవాబును పురస్కరించుకుని’ అని మొదలుపెట్టండి. టైపు చేయించుకోవడానికి నా దగ్గరికే రానక్కరలేదు, 150 పదాలు ఒక పేజీలో సగమే కాబట్టి ఎక్కడ చేయించినా సగం పేజీకి మించి డబ్బు ఇవ్వకండి.