చెనక్కాయ చేను పాలిపోయిందా? యూరియా కంటే ముందు వేరు చూడండి

తిరుపతి, చిత్తూరు ఎర్రనేలల్లో వేరుశనగ నెలరోజులకు పాలిపోతే వెంటనే యూరియా బస్తా విప్పుతారు. దయచేసి ఆగండి. మొక్కను పీకొద్దు, పీకితే వేళ్లకుండే చిన్న బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి. పారతో గడ్డతో సహా తవ్వి, బకెట్ నీళ్లలో మెల్లగా కడిగి వేళ్లు చూడండి.

అడుగాకులు ముందు పసుపెక్కాయి, వేళ్లకు బుడిపెలు లేవు

వేరుశనగకు పనికొచ్చే రైజోబియం, అంటే వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా, ఆ నేలలో చాలినంత లేదన్నమాట. కొత్తగా ఈ పంట వేసిన చేలలో, వరి కోసి వేసిన మడుల్లో ఇది మామూలే. ఇంకో కారణం కల్చర్ (విత్తనానికి పట్టించే బ్యాక్టీరియా ప్యాకెట్) తేడా. కంది, పెసర, అలసంద వేళ్లతో కలిసే బ్యాక్టీరియా చాలావరకు వేరుశనగతోనూ కలుస్తుంది. శనగది వేరే జాతి, ఆ ప్యాకెట్ ఇక్కడ దండగ.

ఈ పంటకు కొద్దిగా నత్రజని వేసుకోక తప్పదు. వచ్చే విత్తుకు మాత్రం వరస తప్పొద్దు: ముందు తెగుళ్ల మందు పట్టించి ఆరనివ్వాలి, చివర్లో చల్లార్చిన బెల్లం నీళ్లతో కల్చర్ పట్టించి, నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాలి. షాపులో ఎండ తగిలేచోట పెట్టిన ప్యాకెట్ కొనకండి, అందులో బ్యాక్టీరియా చచ్చిపోయి ఉండొచ్చు.

బుడిపెలున్నాయి, కానీ పైరు కోలుకోవడం లేదు

గోటితో ఒకటి చీల్చండి. లోపల ఎర్రగా, గులాబీగా ఉంటే గాలిలోని నత్రజని మొక్కకు అందుతోంది. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది. నత్రజనిని పట్టే ఎంజైము ఆక్సిజన్‌ తగిలితే పాడైపోతుంది, దాన్ని కాపాడేది ఇదే. తెల్లగా ఉంటే బుడిపె ఇంకా లేతది, లేదా పనిచేయని రకం. ఆకుపచ్చగా మారితే పని ఆగిపోయింది. కోతకు దగ్గరైతే అది సహజమే. ముందే అలా అయితే నీటి ఎద్దడో, నీళ్లు నిలవడమో, యూరియా ఎక్కువవడమో చూడండి. నేలలో నత్రజని సులువుగా దొరికితే మొక్క బుడిపెలను పోషించదు. తడి సరిచేసి యూరియా ఆపాలి.

లేత ఆకులు పసుపు, ఈనెలు పచ్చగానే ఉన్నాయి

ఇది ఇనుము లోపం, సున్నపు నేలల్లో ఎక్కువ. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయండి, వారం తర్వాత మళ్లీ ఒకసారి.

టమాటా వేళ్లకు ముడులు

మంచి బ్యాక్టీరియా అనుకుని సంతోషపడొద్దు, టమాటాకు ఆ బుడిపెలు రావు. అవి నులిపురుగుల ముడులు. వేరుశనగ బుడిపె వేరు పక్కన అంటుకుని ఉంటుంది, తడిమితే ఊడుతుంది. నులిపురుగు ముడిలో వేరే ఉబ్బుతుంది, ఊడదు. దుక్కిలో వేపపిండి వేసి, తర్వాతి పంటగా బంతి పెట్టండి.

చెరకు, రాగికి కల్చర్ వేసినా బుడిపెలు రాలేదు

రావు కూడా. ఈ పంటలకు వాడే అజోస్పైరిల్లం అనే నత్రజని బ్యాక్టీరియా వేరు చుట్టూ, కొంత వేరు లోపలా ఉంటుంది కానీ బుడిపె కట్టదు. చెరకు కాండంలోనే బతికే నత్రజని బ్యాక్టీరియా ఒకటుందని 1988లో బ్రెజిల్‌లో తేల్చారు. వీటి నుంచి అందే నత్రజని, పప్పుజాతి పంటల్లో బుడిపెల నుంచి అందేంత ఉండదు. కాబట్టి అజోస్పైరిల్లాన్ని మాగిన పశువుల ఎరువులో కలిపి చల్లినా, ఎరువు మోతాదు ఒక్కసారిగా సగానికి దించకండి. మట్టి పరీక్ష చూసుకుని కొంచెం కొంచెంగా తగ్గించండి.