ఎఫ్‌ఆర్‌సీ రోబోకి ఏప్రిల్‌ట్యాగ్‌లు చూపించడం ఎలా? ఫోటాన్‌విజన్ సెటప్ మొదటి నుంచి

అమెరికాలో హైస్కూలు పిల్లలు ఆడే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌ని అందరూ ఎఫ్‌ఆర్‌సీ అనే అంటారు. జనవరి మొదట్లో దాని కిక్‌ఆఫ్, అంటే సీజన్ ప్రారంభం, అయిందంటే ఫ్రిస్కోలోనో, ఫ్రీమాంట్‌లోనో, ఎడిసన్‌లోనో ఉండే చాలా తెలుగు ఇళ్లలో శని ఆదివారాలు పోయినట్టే. టీమ్‌లో ప్రోగ్రామింగ్ చూసే పిల్లలకి అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది విజన్, అంటే కెమెరాతో చూసి తను మైదానంలో ఎక్కడుందో రోబో లెక్క కట్టుకోవడం. నిజానికి ఇందులో సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఒక సాయంత్రం పని. మిగతాదంతా టేపు పట్టుకుని కొలవడమే, పిల్లలు తప్పించుకునేది కూడా సరిగ్గా దాన్నే.

2022 దాకా కథ వేరుగా ఉండేది. లక్ష్యం చుట్టూ వెలుతురుని తిప్పికొట్టే టేపు అంటించేవాళ్లు, కెమెరా చుట్టూ ఆకుపచ్చ లైట్లు పెట్టి ఆ మెరుపుని పట్టుకునేవాళ్లు. 2023 నుంచి మైదానంలో ఏప్రిల్‌ట్యాగ్‌లు వచ్చాయి, చూడటానికి క్యూఆర్ కోడ్‌కి తమ్ముళ్లలా ఉండే నలుపు తెలుపు గళ్ల బొమ్మలు. మిషిగన్ యూనివర్సిటీలో పుట్టిన పద్ధతి ఇది. మొదటి ఏడాది వాడిన 16హెచ్5 రకంలో గళ్లు తక్కువ కాబట్టి కెమెరా ఎక్కడెక్కడో లేని ట్యాగ్‌లని చూసేది. 2024 నుంచి 36హెచ్11 రకానికి మారారు, ఆ గోల చాలా తగ్గింది. నల్ల చదరం కొలత 6.5 అంగుళాలు. మీ పాత కోడ్‌లోనో, నెట్‌లో దొరికిన ఏదో ఉదాహరణలోనో 16హెచ్5 అని, 6 అంగుళాలని కనిపిస్తే అది 2023 నాటిదని అర్థం, పక్కన పెట్టేయండి.

ఇక్కడ చెప్పేది ఫోటాన్‌విజన్ గురించి, కెమెరా బొమ్మలో ఆ ట్యాగ్‌లని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం, ఓపెన్ సోర్స్. డబ్బున్న టీమ్‌లు లైమ్‌లైట్ కొంటాయి, అందులో కెమెరా, కంప్యూటర్, సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకే డబ్బాలో వస్తాయి. మీ దగ్గర అదే ఉన్నా కింద కొలతల గురించి చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి.

ముందు సామాను

రోబోలో దాన్ని నడిపే మెయిన్ కంప్యూటర్, రోబోరియో, ఉంటుంది గానీ బొమ్మల లెక్కలు దాని నెత్తిన పెట్టకూడదు. విడిగా ఒక చిన్న కంప్యూటర్ కావాలి. ఆరెంజ్ పై 5 అయితే రెండు కెమెరాల్ని హాయిగా లాగుతుంది, ఇంట్లో పాత రాస్ప్‌బెర్రీ పై 4 పడి ఉంటే ఒక కెమెరాతో మొదలుపెట్టడానికి అదీ చాలు.

కెమెరా దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు. మామూలు వెబ్‌క్యామ్‌లో రోలింగ్ షటర్ ఉంటుంది, అంటే బొమ్మని పైనుంచి కిందికి వరస వరసగా తీస్తుంది, రోబో తిరుగుతుంటే చదరం కాస్తా వాలిపోయిన ఆకారం అవుతుంది. గ్లోబల్ షటర్ ఉన్నది తీసుకోండి. ఓవీ9281 సెన్సర్ ఉన్న నలుపు తెలుపు యూఎస్‌బీ కెమెరాలు చాలా టీమ్‌లు వాడతాయి. ట్యాగ్‌కి రంగుతో పనిలేదు కదా.

కరెంటు సంగతి అందరూ చివర్లో గుర్తు తెచ్చుకుంటారు. రోబో బ్యాటరీ 12 వోల్టులే కానీ మోటార్లన్నీ ఒక్కసారి లాగితే వోల్టేజీ బాగా పడిపోతుంది, ఆ క్షణంలో మీ చిన్న కంప్యూటర్ రీస్టార్ట్ అయితే మ్యాచ్‌లో విలువైన సమయం రోబోకి కళ్లు ఉండవు. కాబట్టి లోపలికి వచ్చే వోల్టేజీ పడినా బయటికి స్థిరంగా 5 వోల్టులు ఇచ్చే మంచి రెగ్యులేటర్ పెట్టండి, ఆరెంజ్ పై 5 కి 4 ఆంపియర్లు ఇవ్వగలగాలి. ఫోన్ ఛార్జర్ పవర్ బ్యాంకులు, కారు ఛార్జర్లు వద్దు.

ఇన్‌స్టాల్

ఫోటాన్‌విజన్ విడుదలల పేజీ నుంచి మీ బోర్డు పేరున్న ఇమేజ్, అంటే ఎస్‌డీ కార్డు మీదికి ఎక్కించే ఫైల్, దింపుకోండి. ఆరెంజ్ పై 5, 5బీ, 5 ప్లస్, ఇలా ప్రతిదానికీ వేరే ఇమేజ్ ఉంటుంది, తప్పుది ఎక్కిస్తే బోర్డు అసలు లేవదు, పిల్లలేమో బోర్డు పాడైందనుకుని ఇంకోటి ఆర్డర్ పెడతారు. బలెనా ఎచర్ లాంటి ప్రోగ్రామ్‌తో ఎస్‌డీ కార్డు మీదికి రాయండి. కార్డు బోర్డులో పెట్టి, ఈథర్‌నెట్ తీగ రోబో రేడియోకి (రోబో మీదుండే వైఫై డబ్బా) గానీ రేడియోకి తగిలించిన స్విచ్‌కి గానీ పెట్టి, కరెంటు ఇవ్వండి.

అదే నెట్‌వర్క్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి ఫోటాన్‌విజన్ డాట్ లోకల్ అని, పక్కన 5800 పోర్టు నంబర్ కొడితే డ్యాష్‌బోర్డు వస్తుంది. వెంటనే సెట్టింగ్స్‌కి వెళ్లి రెండు పనులు చేయండి. టీమ్ నంబర్ రాయండి, అది లేకపోతే రోబోరియోతో మాట కలవదు. తర్వాత ఐపీ అడ్రస్‌ని స్టాటిక్ చేయండి. టీమ్ నంబర్ 1234 అనుకుంటే రేడియో 10.12.34.1, రోబోరియో 10.12.34.2, ఈ కంప్యూటర్‌కి 10.12.34.11 ఇవ్వొచ్చు. వర్క్‌షాప్‌లో ఆటోమేటిక్ అడ్రస్‌తో అంతా బాగానే నడుస్తుంది, పోటీ మైదానం నెట్‌వర్క్‌కి తగిలించాక కనిపించకుండా పోతుంది. అక్కడ వెతుక్కునే టైము ఉండదు.

కెమెరా తగిలించి దానికో పేరు పెట్టండి, ముందు, వెనక, అలా అర్థమయ్యే పేరు. ఒకే మోడల్ కెమెరాలు రెండు ఉంటే ఏది ఏ యూఎస్‌బీ పోర్టులోకి వెళ్లాలో తీగ మీదా పోర్టు పక్కనా స్టిక్కర్ వేసేయండి. పిట్‌లో, అంటే పోటీలో టీమ్ రోబోని బాగుచేసుకునే చోట, హడావిడిగా తీసి పెట్టినప్పుడు అవి తారుమారైతే రోబో వెనక చూసింది ముందు చూశాననుకుంటుంది.

కెమెరా బిగించడం, ఫోకస్

క్యాలిబ్రేషన్ (లెన్సు వంపుని కొలిచి సాఫ్ట్‌వేర్‌కి చెప్పడం, కింద వస్తుంది) కన్నా ముందు లెన్స్ ఫోకస్ సరిచేయండి. ఈ చిన్న కెమెరాల లెన్సులు చేత్తో తిప్పేవి. మూడు నాలుగు మీటర్ల దూరంలో ట్యాగ్ పెట్టి, అంచులు కత్తిరించినట్టు కనిపించేదాకా తిప్పి, మరలా కదలకుండా ఒక బొట్టు జిగురు పెట్టండి. క్యాలిబ్రేషన్ అయ్యాక ఎవరైనా లెన్స్ తిప్పారంటే చేసినదంతా వృథా, మళ్లీ మొదటి నుంచి చేయాలి.

మౌంట్ గట్టిగా ఉండాలి. 3డీ ప్రింట్ చేసిన సన్నటి ప్లాస్టిక్ ముక్కకి తగిలించిన కెమెరా ఒక గుద్దుకి రెండు డిగ్రీలు వంగితే, నాలుగు మీటర్ల దూరంలో దాదాపు 14 సెంటీమీటర్ల తేడా వస్తుంది. గేమ్ పీస్‌ని, అంటే ఆటలో రోబో మోసే వస్తువుని, పెట్టాల్సిన చోట అది చాలా ఎక్కువ. యూఎస్‌బీ కనెక్టర్ ఊడకుండా కాస్త హాట్ గ్లూ వేయండి.

క్యాలిబ్రేషన్, ఇక్కడ తొందరపడకండి

ట్యాగ్ ఎన్ని మీటర్ల దూరంలో ఉందో కెమెరా చెప్పాలంటే ముందు ఆ లెన్సు బొమ్మని ఎలా వంచుతుందో సాఫ్ట్‌వేర్‌కి తెలియాలి. అందుకే షారూకో బోర్డు, అంటే చదరంగం గళ్ల మధ్య చిన్న చిన్న గుర్తులున్న బోర్డు. డ్యాష్‌బోర్డులోనే దాన్ని తయారు చేసుకునే బటన్ ఉంటుంది. ప్రింట్ చేసేటప్పుడు 'పేజీకి సరిపెట్టు' ఆప్షన్ తీసేసి 100 శాతం సైజులో తీయండి. ప్రింటర్‌ని నమ్మకుండా స్కేలుతో, వీలైతే కాలిపర్‌తో గడి కొలిచి, వచ్చిన అంకెనే స్క్రీన్ మీద వేయండి. మీరు ప్రింట్ చేసుకునే ట్యాగ్‌ని కూడా ఇలాగే కొలవండి, దాని సైజు తప్పితే మీ దూరాలన్నీ అదే నిష్పత్తిలో తప్పుతాయి, కోడ్‌లో ఎంత వెతికినా దొరకదు. కాగితాన్ని చేత్తో పట్టుకుంటే వంగుతుంది, చదునైన గట్టి అట్టకి గాలి బుడగలు లేకుండా అంటించండి. మెరిసే కాగితం వద్దు, ట్యూబ్‌లైటు దాని మీద పడి సగం గళ్లు మాయమవుతాయి.

ఇద్దరు కావాలి ఈ పనికి. ఒకరు బోర్డు పట్టుకుంటారు, ఇంకొకరు ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుని "కొంచెం ఎడమకి, ఇంకా వంచు, ఆ, కదలకు" అంటూ ఫొటోలు తీస్తుంటారు. కనీసం 12 ఫొటోలు అడుగుతుంది, ఒక పాతిక ముప్పై తీయండి. బోర్డుని నేరుగా పట్టుకున్నవి కాదు, పైకీ కిందికీ పక్కలకీ వాల్చినవి కావాలి. బోర్డు ఫ్రేమ్‌లో మూలల దాకా రావాలి, ఎందుకంటే లెన్సు వంపు ఎక్కువగా ఉండేది అక్కడే. అందరూ మధ్యలోనే తీసి, సగటు తప్పు చాలా తక్కువ వచ్చిందని మురిసిపోతారు. ఆ అంకె ఒక పిక్సెల్ కన్నా తక్కువ ఉండాలన్నది నిజమే, కానీ మూలలు లేకుండా వచ్చిన చిన్న అంకెకి విలువ లేదు.

ఇంకొకటి, మ్యాచ్‌లో ఏ రెజల్యూషన్ వాడతారో అదే రెజల్యూషన్‌లో చేయాలి. 1280 బై 800 లో చేసి తర్వాత 640 బై 400 కి మార్చితే ఆ క్యాలిబ్రేషన్ పనికిరాదు, దీనికి మళ్లీ విడిగా చేయాలి.

చాలా టీమ్‌లలో ఈ పని కొత్తగా చేరిన తొమ్మిదో తరగతి పిల్లాడికి అంటగడతారు. నన్నడిగితే ఓపికున్న సీనియర్‌కి ఇవ్వాలి, లేదా ఆ పిల్లాడి పక్కన సీనియర్ కూర్చోవాలి.

పైప్‌లైన్ సెట్టింగ్స్

పైప్‌లైన్ అంటే కెమెరా బొమ్మలో ఏం వెతకాలో, ఎలా వెతకాలో చెప్పే సెట్టింగ్‌ల కట్ట. దాని రకం ఏప్రిల్‌ట్యాగ్, కుటుంబం 36హెచ్11. ఆటో ఎక్స్‌పోజర్ ఆపేసి, ట్యాగ్ ఇంకా దొరుకుతోంది అన్నంత వరకు ఎక్స్‌పోజర్ తగ్గించుకుంటూ వెళ్లండి, కావాలంటే గెయిన్ పెంచండి. స్క్రీన్ మీద బొమ్మ చీకటిగా, మనిషి కంటికి పనికిరానట్టు ఉంటుంది, ఫరవాలేదు. రోబోని ఉన్నచోటే గిర్రున తిప్పి చూడండి, తిరుగుతుండగా కూడా ట్యాగ్ చుట్టూ గీత నిలిస్తే సరిపోయినట్టు. వేగం చాలకపోతే డెసిమేట్ (బొమ్మని చిన్నది చేసి వెతికే సెట్టింగ్) విలువ పెంచొచ్చు, కానీ దూరంగా ఉన్న ట్యాగ్‌లు అప్పుడు తప్పిపోతాయి.

3డీ మోడ్ ఆన్ చేసి, ఒకేసారి పలు ట్యాగ్‌లతో లెక్క కట్టే ఆప్షన్ కూడా ఆన్ చేయండి. ఒకే ట్యాగ్‌ని దాదాపు ఎదురుగా చూస్తే కెమెరాకి రెండు సమాధానాలు వస్తాయి, ట్యాగ్ ఇటు వాలిందా అటు వాలిందా అన్నది తేలదు, దాంతో రోబో స్థానం రెండు చోట్ల మధ్య గెంతుతుంటుంది. రెండు ట్యాగ్‌లు కలిసి కనిపిస్తే ఆ అనుమానం పోతుంది. దీనికి మైదానంలో ఏ ట్యాగ్ ఎక్కడుందో చెప్పే లేఅవుట్ ఫైల్ కావాలి, అది ఆ ఏడాదిదే అయి ఉండాలి. 2025 లో అయితే ఒకే ఆటకి రెండు లేఅవుట్‌లు, వెల్డ్ చేసిన మైదానానికి ఒకటి, ఆండీమార్క్ కంపెనీ తయారుచేసిన మైదానానికి ఇంకొకటి. మీ పోటీలో ఏది వాడుతున్నారో ముందే కనుక్కోండి.

కోడ్ వైపు

ఫోటాన్‌విజన్ ఫలితాల్ని రోబో కోడ్‌లోకి తెచ్చే లైబ్రరీ, ఫోటాన్‌లిబ్‌ని, ప్రాజెక్టులో చేర్చండి. దాని వెర్షన్, బోర్డు మీద ఉన్న ఫోటాన్‌విజన్ వెర్షన్ ఒకటే కావాలి. కోడ్‌లో రాసిన కెమెరా పేరు డ్యాష్‌బోర్డులో పెట్టినదానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి.

తర్వాత రోబో మధ్య నుంచి కెమెరా ఎక్కడుందో చెప్పాలి, మీటర్లలో. ముందుకి ఎక్స్, ఎడమకి వై, పైకి జెడ్. కోణాల దగ్గర జాగ్రత్త: ఎఫ్‌ఆర్‌సీ కోడ్‌కి వాడే లైబ్రరీ డబ్ల్యూపీఐలిబ్ లెక్కలో పిచ్ (పైకీ కిందికీ వాలే కోణం) పాజిటివ్ అంటే ముక్కు కిందికి. కెమెరా 20 డిగ్రీలు పైకి చూస్తుంటే మైనస్ 20 రాయాలి, అదీ రేడియన్లలోకి మార్చి. ఈ గుర్తు తిరగబడితే దగ్గర్లో బాగానే ఉండి దూరం పెరిగేకొద్దీ తప్పు పెరుగుతుంది, అందుకే త్వరగా దొరకదు.

కెమెరా చెప్పిన స్థానాన్ని తిన్నగా వాడేయకుండా డ్రైవ్‌ట్రెయిన్ పోజ్ ఎస్టిమేటర్‌కి (చక్రాల లెక్కనీ కెమెరా లెక్కనీ కలిపి రోబో స్థానం చెప్పే కోడ్) యాడ్‌విజన్‌మెజర్‌మెంట్ అనే ఫంక్షన్ ద్వారా, బొమ్మ తీసిన క్షణం టైమ్‌స్టాంప్‌తో సహా ఇవ్వండి. ఎంత నమ్మాలో కూడా చెప్పాలి. దగ్గరగా రెండు ట్యాగ్‌లు కనిపిస్తే ఎక్కువ, దూరంగా ఒక్కటే కనిపిస్తే తక్కువ. ఒకే ట్యాగ్ ఉండి, పైన చెప్పిన రెండు సమాధానాల అనుమానాన్ని కొలిచే యాంబిగ్యుటీ 0.2 దాటితే పారేయండి. రోబో గాల్లో ఉందనో మైదానం బయట ఉందనో వచ్చినవీ పారేయండి. దిక్కు విషయంలో మాత్రం కెమెరా కన్నా రోబో ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్, జైరోనే నమ్మండి.

సరిచూడటం

గోడకి ట్యాగ్ అంటించి, అంచున తెల్ల పట్టీ కత్తిరించకుండా ఉంచి, రోబోని సరిగ్గా ఒక మీటరు, రెండు, మూడు, నాలుగు మీటర్ల దూరంలో నిలబెట్టి టేపు కొలతనీ స్క్రీన్ మీది అంకెనీ పక్కపక్కన రాసుకోండి. అన్నిచోట్లా ఒకే శాతం తేడా ఉంటే ట్యాగ్ సైజో క్యాలిబ్రేషనో తప్పు. అన్నిచోట్లా ఒకే సెంటీమీటర్ల తేడా ఉంటే కెమెరా స్థానం తప్పు కొలిచారు. అంకె వణుకుతుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ చూడండి. తర్వాత అడ్వాంటేజ్‌స్కోప్ అనే ప్రోగ్రామ్‌లో మైదానం బొమ్మ మీద రోబోని చూస్తూ తోలితే గెంతులు వెంటనే కనిపిస్తాయి.

ఎఫ్‌టీసీ (ఫస్ట్ టెక్ ఛాలెంజ్, ఇంకాస్త చిన్న రోబోల పోటీ) ఆడే పిల్లలకి ఒక మాట, మీ రోబో కంప్యూటర్ కంట్రోల్ హబ్‌లో ట్యాగ్‌లని గుర్తుపట్టే విజన్‌పోర్టల్ ఉంటుంది, కాబట్టి ఇన్‌స్టాల్, నెట్‌వర్క్ భాగాలు మీకు అక్కర్లేదు. క్యాలిబ్రేషన్, కొలతలు మాత్రం మీకూ ఇవే.

పోటీకి బయల్దేరే ముందు సెట్టింగ్స్ ఎక్స్‌పోర్ట్ చేసి ల్యాప్‌టాప్‌లో దాచండి, అదే ఇమేజ్‌తో ఇంకో ఎస్‌డీ కార్డు తయారు చేసి లేబుల్ రాసి టూల్‌బాక్స్‌లో వేయండి. పోటీలో మైదానం మీదికి వెళ్లి కెమెరాలు చూసుకునే సమయం ఇస్తారు, ఆ హాలు లైట్లకి ఎక్స్‌పోజర్ సరిపోయిందో అప్పుడే చూసుకోండి. మ్యాచ్‌లో గట్టిగా గుద్దుకున్న ప్రతిసారీ పిట్‌లో ఆ తెలిసిన దూరం ట్యాగ్ ముందు రోబోని ఒకసారి నిలబెట్టి అంకె చూడండి, మారి ఉంటే కోడ్ ముట్టుకోకుండా ముందు మౌంట్ మరలు బిగించండి.