కుక్కకు ఇన్సూరెన్స్ తీసుకునే ముందు దాని ఫైలు తెరవండి

మా చుక్క లాబ్రడార్. నాలుగేళ్ల వయసులో ఒక సాయంత్రం బంతి వెంట పరిగెత్తి, మలుపు తిరుగుతూనే కుయ్యిమని అరిచి వెనక కుడికాలు పైకెత్తేసింది. డాక్టరుగారు దాన్ని పక్కకు పడుకోబెట్టి, తొడ ఎముకను ఒక చేత్తో బిగించి పట్టుకుని, మోకాలి కింది ఎముకను రెండో చేత్తో ముందుకు తోశారు. సొరుగు లాగినట్టు జరిగింది. "లిగమెంటు తెగింది, ఆపరేషన్ చేయాల్సిందే" అన్నారు. నేను ధైర్యంగానే ఉన్నాను. పాలసీ తీసుకుని అప్పటికి ఎనిమిది నెలలు మరి.

క్లెయిమ్ తిరగ్గొట్టారు. పాలసీ తీసుకోవడానికి ముందు ఏడాది టీకా వేయించడానికి వెళ్లినప్పుడు నేనే మాటవరసకు "అప్పుడప్పుడు కుంటుతోందండీ" అన్నాను. డాక్టరుగారు "వెనక ఎడమకాలు కుంటు" అని ఫైల్లో రాసుకున్నారు. అది ఎడమ, ఇది కుడి కదా అని వాదించాను. పాలసీలో ఒక షరతు చూపించారు: ఒక మోకాలికి ముందే ఇబ్బంది ఉంటే రెండో మోకాలు కూడా పాత జబ్బు కిందే లెక్కట, పాత జబ్బుకు, అంటే పాలసీకి ముందే ఉన్నదానికి, డబ్బివ్వరట. తల ప్రాణం తోకకొచ్చింది.

అందుకే ఎవరు అడిగినా ముందు ప్రీమియం సంగతి ఎత్తను. మీ డాక్టరు దగ్గర నుంచి కుక్క ఫైలు మొత్తం కాపీ తీసుకోండి. దురద, కుంటు, వాంతులు, చెవి వాపు అని ఎక్కడెక్కడ రాసి ఉందో గీత గీసుకోండి. రోగ నిర్ధారణే జరగక్కర్లేదు, లక్షణం రాసి ఉన్నా చాలు, తర్వాత అది పాత జబ్బు అయిపోతుంది. గీతలు పెట్టినవన్నీ తీసేశాక పాలసీలో మీకు పనికొచ్చేది ఎంత మిగిలిందో చూడండి. కొన్ని కంపెనీలు అడిగితే ఫైలు ముందే చదివి, వేటికి ఇవ్వరో రాతపూర్వకంగా చెప్తాయి. అడగండి, మొహమాటం వద్దు. పిల్లగా ఉన్నప్పుడే తీసుకోమని అందరూ చెప్పేదీ ఇందుకే. అప్పటికి ఫైలు దాదాపు ఖాళీగా ఉంటుంది.

తర్వాత మీ డాక్టరు దగ్గర రెండు మూడు పెద్ద వైద్యాలకు అంచనా అడగండి. మోకాలి లిగమెంటు, పేగులో ఇరుక్కున్న వస్తువు తీయడం, మగపిల్లి అయితే మూత్రం బంద్ కావడం. వాటిలో పెద్ద అంకె ఈ రాత్రికే కట్టమంటే కట్టగలరా? కట్టగలిగితే మీకు పాలసీ అవసరం తక్కువ. "కట్టలేను, కానీ డబ్బు లేదని దాన్ని వదిలేసుకోనూలేను" అనిపిస్తే అవసరం ఉన్నట్టే. పెట్టింది తిరిగొస్తుందా లేదా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. మా ఆయన మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు, ఆయన లెక్కల మనిషి.

ఆయన లెక్క కూడా చెప్తాను, పనికొచ్చేదే. ఏ డబ్బయినా అనుకోండి, బిల్లు 10,000. డిడక్టబుల్, అంటే ముందుగా మన చేతి నుంచి పోయేది, 1,000. మిగిలినదాంట్లో కంపెనీ ఇచ్చేది 80 శాతం. 9,000లో 80 శాతం 7,200 వస్తుంది. కొన్ని పాలసీల్లో ముందు మొత్తం బిల్లుకు 80 శాతం లెక్కగట్టి, తర్వాత డిడక్టబుల్ తీస్తారు, అప్పుడు 7,000. ఏడాది పరిమితి 5,000 అయితే ఈ రెండు లెక్కలూ వృథా, 5,000తో సరి. డిడక్టబుల్ ఏడాదికి ఒకసారా, ప్రతి జబ్బుకూ విడివిడిగానా అన్నదీ చూడండి. చెవికో డిడక్టబుల్, చర్మానికో డిడక్టబుల్ అంటే చిన్న క్లెయిములేవీ గిట్టవు.

ఆ ప్రీమియం మనమే దాచుకుంటే పోదా? పోతుంది, టైముంటే. నెలకు 100 చొప్పున దాచితే ఎనిమిదో నెలకు 800. చుక్క కాలు తెగింది సరిగ్గా ఎనిమిదో నెలలోనే.

జాతిని బట్టి కూడా ఆలోచించాలి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ అయితే తుంటి కీలు. డాక్స్‌హండ్ అయితే వెన్నుపూస. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరి. పర్షియన్ పిల్లికి మూత్రపిండాల్లో తిత్తులు. ఇవి వంశపారంపర్యంగా రావచ్చు, కాబట్టి పాలసీలో వంశపారంపర్య జబ్బుల మాట ఎక్కడుందో వెతకండి. "ఇవ్వము" అని ఉంటే మీ జాతికి ఆ కాగితం సగం చిత్తు. వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక మొదట్లో క్లెయిమ్ చెల్లని కాలం, అదీ పాలసీలోనే ఉంటుంది. ప్రమాదాలకు కొద్ది రోజులే కానీ, జబ్బులకు తరచుగా 14 నుంచి 30 రోజులు, మోకాలికి కొన్నిచోట్ల ఆరు నెలలు. షుగరు, అలర్జీ లాంటివి జీవితాంతం ఉండేవి. ఒక రకం పాలసీలు జబ్బు మొదలైన 12 నెలలకు ఆ జబ్బుకు ఇవ్వడం ఆపేస్తాయి. చవగ్గా కనిపించేవాటిలో ఈ రకమూ ఉంటుంది, చూసుకోండి.

టీకాలు, నులిపురుగుల మందు కలిపి ఇచ్చే అదనపు ప్లాను నేను తీసుకోలేదు. అవి ఎప్పుడొస్తాయో, ఎంతవుతుందో ముందే తెలుసు. తెలిసిన ఖర్చుకు ఇన్సూరెన్స్ కట్టడమంటే మన డబ్బు వాళ్ల చేతికిచ్చి వాయిదాల్లో తీసుకోవడమే.

మోకాలి దెబ్బతో విసిగి పాలసీ మానేద్దామనుకున్నాం, మానలేదు. మరుసటి ఏడాది చుక్క మూడు రోజులు వాంతులు చేసుకుంది. ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు, స్కానింగ్‌లో పేగు ఒకచోట ముద్దగా కనిపించింది. కోసి తీస్తే మా ఆయన సాక్సు. ఆ క్లెయిమ్ వచ్చింది, అదీ ఐదు వారాలకు. ఆసుపత్రి బిల్లు మాత్రం ఇంటికి తీసుకొచ్చేటప్పుడే మేమే కట్టాం. చాలా పాలసీలు ఇలాగే, ముందు మీరు కట్టాలి, తర్వాత వాళ్లిస్తారు. కాబట్టి పాలసీ ఉన్నా చేతిలో కొంత ఉండి తీరాలి.

మా పిల్లి మల్లికి పాలసీ లేదు. దానికి పదకొండేళ్లు, గడప దాటదు, మూత్రపిండాలు ఇప్పటికే దెబ్బతిన్నాయి. దానికి రాబోయే జబ్బు ఏదో మాకు తెలుసు, కంపెనీకీ తెలుసు. దానికోసం వేరే ఖాతా తెరిచి నెలనెలా వేస్తున్నాం.

రెన్యూవల్ కాగితం వచ్చినప్పుడు మాత్రం తొందరపడకండి. వయసుతో పాటు ప్రీమియం పెరుగుతుంది, ఏ క్లెయిమూ చేయకపోయినా. కోపంతో వేరే కంపెనీకి మారితే ఇప్పుడున్న జబ్బులన్నీ అక్కడ పాత జబ్బులైపోతాయి. చుక్క ఫైల్లో ఇప్పుడు రెండు మోకాళ్లు, ఒక పేగు ఉన్నాయి. అందుకని ఈసారి డిడక్టబుల్ పెంచి, ప్రీమియం తగ్గించుకుని, ఉన్నచోటే ఉన్నాం. సాక్సులు మాత్రం అలమరలో పెట్టి తాళం వేస్తున్నాం.