ఇంట్లో చేసిన చెప్పుకి సోల్ నిలవట్లేదా? ముందు షీటు చూడండి

సోల్ ఊడిందనగానే అందరూ గమ్ మార్చేస్తారు. ఊడిన చోట ఎలా ఉందో మాత్రం చూడరు. కారణం సాధారణంగా అక్కడే కనిపిస్తుంది.

ఊడిన ముఖం పొడిగా, నున్నగా ఉంది

సోల్ కోసిన షీటు సరిగ్గా గీకలేదు. మెరుపంతా పోయేదాకా శాండ్ పేపర్‌తో రుద్ది, దుమ్ము దులిపి, రెండు ముఖాలకీ పల్చగా గమ్ పూయండి. వేలికి అంటనంతగా ఆరాకే అతికించి, సుత్తితో అంచులదాకా కొట్టండి.

కొన్ని వారాలు బాగుంది, తర్వాత అంచు విచ్చుకుంది. లాగితే గమ్ తీగపాకంలా సాగుతోంది

ఎక్కువమందిని ముంచేది ఇదే. రబ్బరని కొన్న షీటు నిజానికి పీవీసీ అనే ప్లాస్టిక్. పీవీసీని మెత్తగా ఉంచడానికి అందులో ప్లాస్టిసైజర్ కలుపుతారు. అది నూనెలా మెల్లగా బయటికి ఊరి, చెప్పులకు మామూలుగా వాడే పసుపు నియోప్రీన్ గమ్‌లోకి దిగుతుంది. గట్టిగా పట్టిన గమ్ మళ్లీ జిగురైపోతుంది. అతికించిన రోజు ఎంత లాగినా ఊడదు కాబట్టి షీటు మీద అనుమానమే రాదు. అదే గమ్ మళ్లీ పూస్తారు, మళ్లీ ఊడుతుంది.

దుకాణంలో అన్నిటినీ రబ్బరు షీటనే అంటారు, ఆ మాట నమ్మకండి. చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, సూదిని ఎర్రగా కాల్చి ఆరుబయట దాని అంచులో గుచ్చండి. పొగ పీల్చకండి. అసలైన సోల్ రబ్బరు మాడుతుంది గానీ కరగదు. కరిగి సూదికి అంటుకుంటే అది ప్లాస్టిక్ జాతి. కొనేముందు ఈ ఒక్క పరీక్ష చేస్తే చాలు.

ఇప్పటికే పీవీసీ అతికించేశారా? పాత గమ్ ఒక్క పొర కూడా మిగలకుండా రెండు వైపులా గీకేయండి. పీయూ (పాలియురెథేన్) గమ్ తెచ్చి అతికించండి, అది పీవీసీని తట్టుకుంటుంది. అది దొరక్కపోతే చుట్టూ కుట్టించండి.

పాత టైరు కోసి వేసిన సోల్‌లోంచి తీగ పొడుచుకొస్తోంది

కారు రేడియల్ టైరు నడిచే భాగం కింద ఉక్కు తీగల పొర ఉంటుంది. సైజులో 165/80 ఆర్ 14 అని ఆర్ ఉంటే రేడియల్. బైకు టైరు మీద 2.75-18 అని గీత ఉంటే సాధారణంగా నైలాను దారాలదే, అది తీసుకోండి. రిమ్ములో కూర్చునే అంచులో మాత్రం దేనికైనా తీగ ఉంటుంది, అది కోసి పారేయండి. అయస్కాంతం ఆనించి చూస్తే అనుమానం తీరిపోతుంది.

ముల్లు దిగుతోంది, మడమ దగ్గర అణగిపోయింది

స్పాంజిలా తేలిగ్గా ఉండే ఈవీఏ ఫోమ్‌నే ఒట్టిగా సోల్‌గా వేశారు. అది పైన మెత్తదనానికి పనికొస్తుంది, నేలకి తగిలేది రబ్బరే ఉండాలి.

గమ్ డబ్బాలో గడ్డకట్టడం, తోలు తడిగా ఉండటం అరుదు. డబ్బా మార్చండి, తోలు నీడలో ఆరబెట్టండి.